బైకు వెనక ట్రాలీ కట్టించుకోవాలా? మన పల్లె రోడ్లకు ఏది నప్పుతుంది

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బరువు మోసే పని చాలావరకు బైకు మీదే నడుస్తుంది. పొద్దున పాల క్యాన్లు, సీజన్‌లో యూరియా బస్తాలు, సాయంత్రం పచ్చగడ్డి మోపులు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు కూడా. క్యారియర్ మీద ఒకటి, ట్యాంకు మీద ఒకటి పెట్టుకుని తిరిగి విసిగిపోయినవాళ్లకు బైకు వెనక చిన్న ట్రాలీ కట్టించుకుందామనే ఆలోచన వస్తుంది. వెల్డింగ్ షాపుకు పోయి మొదట అడిగే మాట కూడా ఒకటే: "అన్నా, నా బండి ఎంత లాగుతది?"

చదును రోడ్డు మీద వంద సీసీ బండి ఫస్ట్ గేర్‌లో మనం అనుకున్నదానికంటే ఎక్కువే లాగుతుంది. చిక్కు అక్కడ లేదు. మూలమలుపులో బర్రె అడ్డం వచ్చినప్పుడు ఆ బండి ఎంత బరువును ఆపగలదు? ట్రాలీ విషయంలో నేను ఏ సలహా ఇచ్చినా ఈ ప్రశ్న నుంచే మొదలుపెడతాను. జవాబు తెలిస్తే మీకు ట్రాలీ కావాలో, టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ కావాలో, ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడుకుంటే సరిపోతుందో దానంతట అదే తేలిపోతుంది.

ఆపే లెక్క

స్ప్లెండర్ లాంటి బండి బరువు దాదాపు 112 కిలోలు. 70 కిలోల మనిషి కూర్చుంటే 182. వెనక ట్రాలీ, సరుకు కలిపి 75 కిలోలనుకుందాం. మొత్తం 257 కిలోలు. ట్రాలీకి బ్రేకులు ఉండవు కాబట్టి ఆపాల్సింది బైకుకున్న అవే రెండు డ్రమ్ములు. బరువు పెరిగిన మేరకు ఆగే దూరమూ పెరుగుతుంది, అంటే సుమారు 40 శాతం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేస్తే మామూలుగా 12 మీటర్లలో ఆగే బండి, ఈ ట్రాలీతో 17 మీటర్లు పోతుంది. ట్రాలీ బరువు 150 కిలోలైతే 22 మీటర్లు. మనం చూసి, బ్రేకు మీద కాలు పెట్టేలోపు ఒక సెకను గడిస్తే అందులోనే 11 మీటర్లు దాటేస్తాం. దాన్ని విడిగా కలుపుకోవాలి.

ఇది పొడి తారు రోడ్డు లెక్క. మట్టి, కంకర, వాన నీళ్లు ఉన్నచోట ఇంకా ఘోరంగా ఉంటుంది. పైగా ట్రాలీ వెనక నుంచి నెడుతుంది. నేరుగా పోతున్నప్పుడు ఆ నెట్టుడు ముందుకే ఉంటుంది కాబట్టి తట్టుకోవచ్చు. మలుపులో బ్రేకు వేస్తే మాత్రం అది బైకు వెనక చక్రాన్ని పక్కకు తోస్తుంది. ట్రాలీ కట్టిన బైకుకు ఉన్న ప్రమాదాల్లో నేను అన్నింటికంటే ఎక్కువ భయపడేది దీనికే. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు ముట్టుకోకూడదు.

బైకు ట్రైలర్లకు బ్రిటన్‌లో స్పష్టమైన నిబంధనలున్నాయి. మన బండ్లకు వాటిని వేసి చూసుకుంటే మంచి కొలత దొరుకుతుంది. అక్కడ 125 సీసీ దాటిన బండికే ట్రైలర్ కట్టనిస్తారు. ట్రైలర్, సరుకు కలిపిన బరువు 150 కిలోలు, లేదా బైకు బరువులో మూడింట రెండు వంతులు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. వెడల్పు మీటరు లోపు ఉండాలి. బైకు వెనక ఇరుసు నుంచి ట్రైలర్ చివరి దాకా రెండున్నర మీటర్లు మించకూడదు. స్ప్లెండర్ ఇంజన్ 97 సీసీ, కాబట్టి అక్కడైతే దానికి అసలు అనుమతే లేదు. సరే, బరువు లెక్క మాత్రం వేద్దాం: 112లో మూడింట రెండు వంతులంటే 75 కిలోలు. 195 కిలోల బుల్లెట్ 350కి అదే లెక్కన 130.

బరువుకా, బోలెడంత సరుకుకా

ఇనుప యాంగిల్, రేకు, రెండు చక్రాలు వేసి మన దగ్గర చేసే ట్రాలీ ఖాళీగానే ముప్పై, నలభై కిలోలు సులువుగా తూగుతుంది. 75లోంచి అది తీసేస్తే స్ప్లెండర్ వెనక మిగిలేది 35 నుంచి 45 కిలోలు. యూరియా బస్తా బరువే 45 కిలోలు. ఒక్క బస్తా కోసం ట్రాలీ ఎందుకు? దాన్ని వెనక సీటు మీద కట్టి తీసుకుపోవచ్చు.

కాబట్టి వంద, నూటపాతిక సీసీ బండికి బరువు మోయడానికి ట్రాలీ కట్టించుకోవడం డబ్బు దండగ. ఎక్కువ బరువు వేస్తే ప్రమాదం, తక్కువ వేస్తే ఉపయోగం లేదు. దీనికి నిజమైన ప్రయోజనం ఒకే రకం సరుకుతో ఉంది: తేలికగా ఉండి చోటు బాగా ఆక్రమించేది. పచ్చగడ్డి, వేరుశనగ కట్టె, బత్తాయి తోటకు తీసుకుపోయే ఖాళీ క్రేట్లు, డ్రిప్ పైపుల చుట్టలు, కోళ్ల గంపలు. ఇలాంటివి క్యారియర్ మీద కడితే ఇరువైపులా పొడుచుకు వచ్చి ఎదుటివాళ్లకు తగులుతాయి, మనకు అద్దంలో వెనక ఏదీ కనపడదు. నేలకు దగ్గరగా ఉండే ట్రాలీలో ఇవి కుదురుగా కూర్చుంటాయి.

సిమెంటు, ఎరువులు, నిండు పాల క్యాన్లు, నీళ్లు, వడ్లు, ఇవన్నీ బరువు సరుకులు. 40 లీటర్ల పాలే 41 కిలోలు, క్యాను బరువు అదనం. వీటికి వేరే దారులు చూడాలి.

ట్రాలీ లేకుండా ఉన్న దారులు

రోజూ యాభై, అరవై కిలోల లోపు మోసేవాళ్లకు టీవీఎస్ ఎక్సెల్ 100 లాంటి మోపెడ్‌ను మించింది లేదు. కంపెనీ చెప్పే మోత సామర్థ్యం 130 కిలోలు. అందులో నడిపే మనిషి 70 పోతే సరుకుకు 60 మిగులుతుంది. స్ప్లెండర్ వెనక ట్రాలీలో భద్రంగా వేయగలిగేదానికంటే అదే ఎక్కువ. ముందు కాళ్ల దగ్గర చదును చోటు ఉంటుంది కాబట్టి బరువు కిందికి, రెండు చక్రాల మధ్యకు వస్తుంది. రెండు బ్రేకులూ ఆ బరువును దృష్టిలో పెట్టుకుని చేసినవే. కొక్కెం లేదు, పిన్ను ఊడుతుందన్న టెన్షన్ లేదు. పాలు పోసేవాళ్లు, కూరగాయలు అమ్ముకునేవాళ్లు మరో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకోవచ్చని నా గట్టి అభిప్రాయం.

పార్సిళ్లు, మందులు, టిఫిన్లు లాంటి చిన్న సరుకుకు వెనక డబ్బా బిగించుకుంటే చాలు. 2020లో కేంద్రం దానికి కొలతలు చెప్పింది: పొడవు 55, వెడల్పు 51, ఎత్తు 50 సెంటీమీటర్లు మించకూడదు. డబ్బా వెనక సీటు చోటులో ఉంటే నడిపే మనిషి ఒక్కరే పోవాలి.

వారానికి ఒకటి రెండుసార్లు క్వింటాలు దాటే సరుకు ఉంటే ట్రాలీ ఆటో కిరాయి మాట్లాడుకోండి. అరటన్ను దాకా వేయవచ్చు. టాటా ఏస్ అయితే 750 కిలోలు. బైకుతో ఐదుసార్లు తిరిగే పని ఒక్కసారిలో అయిపోతుంది, అందులో మిగిలే పెట్రోలు, సమయం కూడా లెక్కలోకి తీసుకోండి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కిరాయి పంచుకుంటే భారం అనిపించదు. దేవరకొండ నుంచో, వనపర్తి నుంచో హైదరాబాదుకు ఒకటి రెండు మూటలు పంపాలంటే ఆర్టీసీ కార్గో ఉండనే ఉంది.

కాగితాల సంగతి

1988 మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది. ట్రాక్టర్ ట్రాలీకి విడిగా నంబరు ఉండేది అందుకే. పబ్లిక్ రోడ్డు మీదికి తెచ్చే ట్రైలర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. బైకు ఛాసిస్‌ను కోసి, అతికించి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా మార్చడాన్ని అదే చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. బైకు వెనక భాగం కోసి మూడు చక్రాల బండిగా మార్చేవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే. దాన్ని నేను ఎంపికల్లో కూడా లెక్కపెట్టడం లేదు.

వెల్డింగ్ షాపులో తయారైన ట్రాలీకి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. అందుకే ఇనుము కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేయండి. చెప్పకుండా ట్రాలీ తగిలించిన బండికి రేపు ఏదైనా జరిగితే క్లెయిము దగ్గర మొదట అడిగేది దాని గురించే. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు మన పొలం మీదికి వస్తుంది. అనుమతి రాకపోతే ట్రాలీని బాయి కాడికి, గెట్ల వెంబడి, సొంత భూమిలోనే వాడుకోవాలి. ఇది వినడానికి కఠినంగా ఉండొచ్చు, కానీ ఇల్లు నడిపే మనిషి విషయంలో దీనికి మినహాయింపు చెప్పలేను.

ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదు. పిల్లల్ని అసలే వద్దు, పొలం దాకానే అయినా సరే.

ఒక చక్రమా, రెండు చక్రాలా

ఇక ట్రాలీయే కావాలి, బండి 150 సీసీ పైనే ఉంది, సరుకు తేలికదే అనుకున్నవాళ్ల కోసం.

ఒంటి చక్రం ట్రాలీ సన్నగా, పొడవుగా ఉంటుంది. బైకు వాలితే అదీ వాలుతుంది. బైకు చక్రాలు పోయిన గాడిలోనే దాని చక్రమూ వస్తుంది కాబట్టి ఎడ్లబండి బాటలో, పొలం గట్టు మీద ఇది బాగా నడుస్తుంది. మనం గుంత తప్పించుకుంటే అదీ తప్పించుకుంటుంది. లోపం ఏమిటంటే సరుకులో సగం దాకా బైకు మీదే పడుతుంది. లెక్క చూడండి: ట్రాలీ మొత్తం 75 కిలోలైతే 37 కిలోలు కొక్కెం మీద వేలాడతాయి. కొక్కెం వెనక ఇరుసుకు 40 సెంటీమీటర్ల వెనక ఉందనుకుంటే, స్ప్లెండర్ రెండు ఇరుసుల మధ్య దూరం 124 సెంటీమీటర్లు కాబట్టి ముందు చక్రం మీది బరువు 12 కిలోలు తగ్గి, వెనక చక్రం మీద 49 కిలోలు పెరుగుతాయి. హ్యాండిల్ తేలిపోయినట్టు ఉంటుంది, ముందు బ్రేకు పట్టు తగ్గుతుంది. ఆగినప్పుడు బైకునూ ట్రాలీనీ కలిపి మన కాళ్లే నిలబెట్టాలి. పొట్టి మనుషులకు, పెద్దవాళ్లకు ఇది నప్పదు.

రెండు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోసుకుంటుంది, నిలబెట్టాల్సిన పని లేదు. సరుకు ఎక్కించడం, దించడం తేలిక. మన దగ్గర అందరూ చేయించుకునేది ఇదే. కానీ దీని చక్రాలు బైకు గాడిలో రావు. స్ప్లెండర్ హ్యాండిల్ దగ్గర వెడల్పు 72 సెంటీమీటర్లు. ట్రాలీ మీటరు ఉంటే ఒక్కోవైపు 14 సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. మనం సందులోంచి దూరిపోయామనుకుంటాం, ట్రాలీ పోయి స్తంభానికో, పక్క బండికో తగులుతుంది. బైకు గుంతను తప్పించినా ట్రాలీ చక్రం ఒకటి అందులో దిగి బండిని పక్కకు గుంజుతుంది. అందుకే ట్రాలీ వెడల్పు హ్యాండిల్‌ను మించకుండా చేయించుకోవడం మంచిది. చోటు కాస్త తగ్గినా ఫర్వాలేదు.

పొలం బాటలే ఎక్కువైతే ఒంటి చక్రం, తారు రోడ్డు మీద నెమ్మదిగా తిరిగేదైతే రెండు చక్రాలు. రెండింటిలో ఏదైనా చక్రాలు చిన్నవి వేయించవద్దు. తోపుడు బండి చక్రాలు నడక వేగానికి చేసినవి, బైకు వేగానికి బేరింగులు వేడెక్కి పట్టేస్తాయి. కనీసం పాత స్కూటరు పది అంగుళాల చక్రాలు, వీలైతే బైకు చక్రాలే వేయించండి. పెద్ద చక్రం గుంతలో తక్కువ దిగుతుంది.

కొక్కెం దగ్గర పొదుపు చేయొద్దు

ట్రాలీ మంచిదా కాదా అన్నది డబ్బా చూస్తే తెలియదు, బైకుకు తగిలించే చోటు చూడాలి. మన వెల్డింగ్ షాపుల్లో ఎక్కువగా ట్రాక్టర్‌ను చూసి చేస్తారు: ఒక రింగు, దానిలో నిలువుగా ఒక పిన్ను. ట్రాక్టర్ మలుపులో వాలదు కాబట్టి దానికి అది చాలు. బైకు వాలాలి. రెండు చక్రాల ట్రాలీ వాలదు. నిలువు పిన్ను ఒక్కటే ఉంటే, బైకు వాలబోయినప్పుడు ట్రాలీ దాన్ని నిటారుగా పట్టి ఉంచుతుంది, లేదా ట్రాలీ చక్రం ఒకటి గాల్లోకి లేస్తుంది. రెండూ మలుపులోనే జరుగుతాయి.

కాబట్టి రెండు చక్రాల ట్రాలీకి మూడు కదలికలూ ఉండాలి. కుడి ఎడమలకు తిరగాలి, స్పీడ్ బ్రేకర్ దగ్గర పైకి కిందికి వంగాలి, ట్రాలీని కొక్కేనికి కలిపే కడ్డీ తన చుట్టూ తాను మెలి తిరగాలి. మూడోది కావాలంటే కడ్డీని ఒక పైపులో దూర్చి, చివర నట్టు బిగించి, గ్రీజు పెట్టి స్వేచ్ఛగా తిరిగేలా చేయాలి. అప్పుడు బైకు పక్కకు పడిపోయినా ట్రాలీ నిలబడే ఉంటుంది. జీపు షాఫ్టులో ఉండే క్రాస్ జాయింట్ ఒక్కటే వేస్తే మొదటి రెండు కదలికలే వస్తాయి, మెలిక రాదు. ఒంటి చక్రం ట్రాలీకి మాత్రం అదే సరైనది, ఎందుకంటే అక్కడ బైకు వాలు ట్రాలీకి అందాలి. తయారుచేసే మనిషికి ఈ తేడా తెలుసో లేదో ముందే అడిగి చూడండి. తెలియకపోతే ఇంకో షాపు చూసుకోండి.

కొక్కేన్ని క్యారియర్‌కు, మడ్‌గార్డుకు, నంబర్ ప్లేటు పట్టీకి బిగించకూడదు. అవి లాగుడు తట్టుకోవడానికి చేసినవి కావు. వెనక షాక్ అబ్జార్బర్ పై బోల్టులు, వెనక ఫుట్‌రెస్టుల దగ్గర ఛాసిస్‌కు ఉన్న బోల్టులు, ఈ నాలుగు చోట్ల పట్టుకునే ఫ్రేము కావాలి. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టించవద్దు, వేడికి పైపు బలహీనపడుతుంది. తల మీద 8.8 అని ఉన్న బోల్టులు, లోపల నైలాన్ ఉన్న నట్లు వాడమనండి. పిన్నుకు అడ్డంగా స్ప్లిట్ పిన్ను తప్పదు. దానితోపాటు రెండు గొలుసులు కడ్డీ కింద ఒకదాని మీద ఒకటి దాటేలా తగిలించాలి. కొక్కెం విరిగినా కడ్డీ ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డులో గుచ్చుకోదు.

సరుకు సర్దేటప్పుడు

రెండు చక్రాల ట్రాలీ అయితే మొత్తం బరువులో పదో వంతు కొక్కెం మీద పడాలి. 75 కిలోల ట్రాలీకి ఏడెనిమిది కిలోలు. కాటా మీద కడ్డీ చివర పెట్టి చూస్తే తెలిసిపోతుంది. బరువైనవి ఇరుసుకు కాస్త ముందు, అడుగున పెడితే ఇది కుదురుతుంది. బరువంతా వెనక పడితే ట్రాలీ కొక్కేన్ని పైకి ఎత్తుతుంది, వేగం పెరిగేకొద్దీ తోక ఊపడం మొదలుపెడుతుంది. అలా ఊగినప్పుడు గట్టిగా బ్రేకు వేయకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, హ్యాండిల్ నేరుగా పట్టుకుని, వేగం దానంతట అది తగ్గేదాకా ఆగండి. తర్వాత పక్కకు ఆపి సరుకు ముందుకు జరపండి.

మందు కొట్టడానికి నీళ్ల డ్రమ్ము తీసుకుపోయేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. సగం నిండిన డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. బ్రేకు వేస్తే నీళ్లు ముందుకు, వదిలితే వెనక్కు, మలుపులో పక్కకు కొట్టుకుని ట్రాలీని ఊపేస్తాయి. ఇరవై లీటర్ల క్యాన్లు మూతలు బిగించి పెడితే ఆ ఊగుడు ఉండదు. గడ్డి మోపు తాడు చివరలు వేలాడకుండా లోపలికి దోపండి. చక్రంలో చుట్టుకుంటే అంతే సంగతులు.

ఏ రోడ్డు మీద, ఎంత వేగంతో

పల్లె రోడ్డు మీద గంటకు 25, 30 కిలోమీటర్లు. మంచి తారు రోడ్డయినా 40 దాటొద్దు. ఈ వేగంతో విజయవాడ హైవే మీదికి, జడ్చర్ల దగ్గర బెంగళూరు హైవే మీదికి ఎక్కితే వెనక వచ్చే లారీకి మనం నిలబడ్డ గోడలాగే కనపడతాం. దాటి అవతలికి పోవాల్సి వస్తే తప్ప హైవే ఎక్కవద్దు, సర్వీస్ రోడ్డు ఉంటే అదే పట్టుకోండి. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక ఘాట్ వైపు ట్రాలీతో అసలు పోవద్దు. దిగుడులో వంద సీసీ బండి డ్రమ్ములు వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. మామూలు దిగుడులో కూడా సెకండ్ గేర్‌లో ఉంచి ఇంజన్ పట్టుతోనే దిగాలి, న్యూట్రల్ చేయకూడదు.

వరి కోతల సమయంలో రోడ్డు సగం వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి, రాత్రికి పట్టాలు కప్పుతారు. మామూలు బైకే ఆ రాళ్లకు తగిలి పడుతుంది. మీటరు వెడల్పు ట్రాలీకి పక్కకు తప్పుకునే చోటే ఉండదు. ఆ రోజుల్లో చీకటి పడ్డాక ట్రాలీ తీయకండి.

ట్రాలీ బైకు వెనక లైటును, నంబర్ ప్లేటును కప్పేస్తుంది. ట్రాలీకి విడిగా ఎర్ర లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు వైరుతో కలపాలి. ఎల్‌ఈడీ అయితే బ్యాటరీ మీద భారం పడదు. వెనకా పక్కలా మెరిసే ఎర్ర స్టిక్కర్లు అంటించండి, గడ్డి మోపు వాటిని కప్పకుండా చూసుకోండి.

తేల్చుకోవడం ఎలా

హాలియా వైపు రెండెకరాల తోట, రెండు బర్రెలు ఉండి, గడ్డి పొలం నుంచి ఇంటికి తెచ్చుకోవడమే పనైతే, బండి 150 సీసీ పైది అయితే రెండు చక్రాల సన్న ట్రాలీ మీకు బాగా పనికొస్తుంది. గట్ల మీదుగా పోయే దారి అయితే ఒంటి చక్రం. రోజూ పాలు పోసేవాళ్లు, నీళ్ల క్యాన్లు మూడు మించకుండా వేసేవాళ్లు ఎక్సెల్ తీసుకోండి. క్యాన్లు అంతకు మించితే మీది ట్రాలీ ఆటో వ్యాపారం, బైకును దానిలోకి లాగవద్దు. పత్తి, వేరుశనగ మార్కెట్‌కు తోలేవాళ్లు కిరాయికే మాట్లాడుకోండి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక నెల పాటు ఏ రోజు ఎన్ని కిలోలు, ఎంత దూరం, కిరాయి ఎంత అన్నది పుస్తకంలో రాసి పెట్టండి. ట్రాలీ తయారీకి, కొక్కెం ఫ్రేముకు, లైట్లకు, ఆ తర్వాత మామూలు కంటే ముందే అరిగిపోయే క్లచ్ ప్లేట్లకు, చైను సెట్టుకు, వెనక టైరుకు మీ మెకానిక్‌ను ధర అడిగి పక్కనే రాయండి. రెండు మొత్తాలు పక్కపక్కన పెట్టి చూశాకే వెల్డింగ్ షాపుకు అడ్వాన్సు ఇవ్వండి.